సంతకం వెనక వైపు

పత్రికాఫీసు లైబ్రరీ
జనవరి 24

ఒరేయ్ సుత్తీ,

బాగున్నావా అని అడగను. బాగుంటే మనిషి కనిపించేవాడు.

పెద్దాయన పోయి ఐదు రోజులైంది. అంతిమయాత్ర రోజు నేను వాళ్ళ గేటు పక్కనే నిలబడి వచ్చినవాళ్ళ ముఖాలన్నీ చూశాను. మంత్రులొచ్చారు. లారీ డ్రైవర్లొచ్చారు. ఆయన కట్టిన వంతెనలకి ఇసుక మోసిన ముసలివాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. పన్నెండేళ్ళు ఆయన పక్క బల్ల మీద గీతలు గీసిన నా తమ్ముడు మాత్రం రాలేదు. ఆయన కూతురు నన్ను గుర్తుపట్టి, "మీ తమ్ముడు దారిలో ఉన్నాడా అండీ?" అని అడిగింది. బస్సు దొరకలేదేమో అన్నాను. నాకు అబద్ధం చేతకాదని నీకు తెలుసుగా, చెవులు ఎర్రబడి అక్కడి నుంచి జారుకున్నాను. ఏం మనిషివిరా నువ్వు?

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు పని. వచ్చే ఆదివారం ఆయన మీద నాలుగు పేజీల ప్రత్యేక అనుబంధం వేస్తున్నాం. వంతెనల బొమ్మలు, పెద్దవాళ్ళ మాటలు అన్నీ వచ్చేశాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. "మహనీయుడు, దార్శనికుడు." చదివితే ఆయన పొద్దున్నే లేచి పళ్ళు తోముకునేవాడన్న నమ్మకం కూడా కలగదు. ఆయన్ని దగ్గరగా చూసినవాడు ఒకడు కావాలి. నువ్వు ఒక్క పేజీ రాయి. పేరు వద్దంటే పేరు లేకుండా వేస్తాను.

ఫోన్ చేద్దామంటే మీ ఆఫీసులో ఆ గుమాస్తా రిసీవరు వదలడు. నీకన్నా ముందు నా మాటలు ఆయన వింటాడు. అందుకే ఉత్తరం.

మీ బావగారు రిటైరయ్యాక వీధిలో వాళ్ళ పాడైపోయిన ఫ్యాన్లన్నీ ఇంటికి తెచ్చి బాగుచేస్తున్నారు. హాల్లో పదకొండు ఫ్యాన్లున్నాయి. ఒక్కటీ తిరగదు. చెమటలు కక్కుతూ మధ్యలో ఆయన.

వెంటనే రాయి. మరదల్ని అడిగానని చెప్పు.

తిట్టే హక్కున్న
అక్క (కత్తెర)


నది ఒడ్డు, తనిఖీ విభాగం
జనవరి 28

అక్కా,

నీ ఉత్తరం అందింది, తిట్లతో సహా. గుమాస్తా కవరు వెలుతురుకి పెట్టి చూశాడు గానీ నీ దస్తూరీ ఆయనకి కొరుకుడు పడలేదు.

నేను రాయలేను. పని ఎక్కువగా ఉంది అని చెబితే నువ్వు నమ్మవు కాబట్టి చెప్పను. మనసు ఒకచోట నిలవడం లేదు. అన్నం ముందు కూర్చుంటే లేచి నడవాలనిపిస్తుంది, నడుస్తుంటే కూర్చోవాలనిపిస్తుంది. మీ మరదలు ఆస్పత్రి నుంచి బీపీ మిషను తెచ్చి రెండుసార్లు చూసింది. "రోగుల్ని చూసి చూసి ఇంటికొస్తే ఇక్కడొకరు" అని విసుక్కుంటోంది.

వట్టి చేతులతో పంపితే నువ్వు ఊరుకోవు. ఒక ముక్క రాస్తున్నాను.

పెద్దాయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. మా పనిలో ఎక్కడ తప్పు కనపడినా ఏమీ అనకుండా దాని చుట్టూ ఒక సున్నా చుట్టి వెళ్ళిపోయేవాడు. మనం వెళ్ళి వెతుక్కోవాలి. తప్పు ఆయనదైతే రెండు సున్నాలు. ఒకసారి పెద్ద పెద్ద ఆఫీసర్లతో కలిసి కొత్త వంతెన చూడటానికి వచ్చి, అందరి ముందూ ఒక దూలం దగ్గర ఆగి రెండు సున్నాలు చుట్టాడు. ఆఫీసర్లు అదేదో శుభసూచకం అనుకుని చప్పట్లు కొట్టారు. మేం నవ్వాపుకోలేక చచ్చాం.

కావాలంటే ఇది వేసుకో. కానీ చివర ఈ వాక్యం కూడా ఉండాలి: "ఆఖరి రోజుల్లో ఆ సుద్దముక్క ఆయన జేబులో లేదు." అది తీసేసేట్టయితే మొత్తం తీసెయ్యి. ఆయన ఏదీ దాచని మనిషి అని మాత్రం మీ పేపర్లో రాయకండి.

బావగారితో చెప్పు, ఫ్యాను తిరగకపోతే ముందు కెపాసిటర్ మార్చి చూడమని. అది చవక వస్తువు.

తమ్ముడు


పత్రికాఫీసు లైబ్రరీ
ఫిబ్రవరి 2

తమ్ముడూ,

అనుబంధం పంపుతున్నాను, చూడు. ఎంత బాగా వచ్చిందో. సుద్దముక్క సంగతి రెండో పేజీలో బాక్సు కట్టి వేశాం. పొద్దుట్నుంచీ దాని గురించే ఫోన్లు. మా ఎడిటరు గారు అంతటివారు లైబ్రరీ మెట్లు దిగి వచ్చి, "ఇది ఎవరు రాశారమ్మా?" అని అడిగారు. నా చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి, ఈసారి గర్వంతో.

చివరి వాక్యం తీసేశాను. కోప్పడకు. నీ అక్కగా తీసేశాను, పేపరు మనిషిగా కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన నిన్ను డ్రాయింగు బల్ల నుంచి లేపి సుత్తి చేతికిచ్చి తనిఖీకి పంపించాడని నీకు కడుపులో ఉంది. నాకు తెలుసు. అప్పుడు మా ఇంటికొచ్చి రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నావు. కానీ పోయిన మనిషి మీద ఇంకా ఎందుకురా? చదివినవాళ్ళకి ఆ వాక్యం ఏమీ అర్థం కాదు. నీకు మాత్రం పదేళ్ళ తర్వాత చదువుకుంటే సిగ్గేస్తుంది.

నువ్వెప్పుడూ అడుగుతావు కదా, మనిషి పోయిన మూడు గంటల్లో అంత సమాచారం ఎలా వేస్తారని. నా దగ్గర ఇనుప సొరుగుల నిండా గోధుమరంగు కవర్లుంటాయి. బతికున్న పెద్దవాళ్ళ పేర్లతో. ఎవరి గురించి ఏ కాగితం వచ్చినా అందులో పడేస్తాం. అవసరమైన రోజున తీసి దులుపుతాం. ఎవరి కవరు లావైతే వాళ్ళు అంతకాలం బతుకుతారని ఇక్కడ వేళాకోళం. ఎడిటరు గారికీ ఒక కవరుంది. చూపించమని మూడుసార్లు అడిగారు, తాళంచెవి పోయిందన్నాను. పెద్దాయన కవరు రెండు సొరుగులు పట్టింది. ఫొటో కింద వేసిన సంతకం కూడా అందులోదే, నేనే కత్తిరించి ఇచ్చాను.

ఇంకో కబురు. ఈ నెల ఇరవై రెండున మీ పెద్ద వంతెనకి ఆయన పేరు పెడుతున్నారు కదా. సభ మా పత్రికే జరుపుతోంది. వంతెన నడి మధ్యలో జనం భుజం భుజం కలిపి రెండు నిమిషాలు నిలబడి మౌనం పాటిస్తారట. మూడు వేల మంది వస్తామని పేర్లిచ్చారు. నేనూ మీ బావగారూ ముందు వరుసలో. ఆయన ఇప్పటినుంచే బూట్లకి పాలిష్ పెడుతున్నారు. సభ అయ్యాక మీ ఇంట్లోనే భోజనం.

అక్క


నది ఒడ్డు
ఫిబ్రవరి 6

అక్కా,

కూర్చుని చదువు. బావగారిని కూడా పిలిచి చదివించు.

ఇరవై రెండున మీరిద్దరూ వంతెన ఎక్కకూడదు. మీరే కాదు, ఎవరూ ఎక్కకూడదు.

ఆ వంతెన మధ్య భాగం స్తంభాల మీద ఆనుకుని ఉండదు. రెండు పక్కలా ఇనుప పట్టీలకి వేలాడుతూ ఉంటుంది. ఒక్కో పట్టీని పట్టి ఉంచేది మణికట్టంత లావు ఇనుప పిన్ను. అదే అతుకు. ఎక్కడైనా ఆ అతుకులు బయటికి కనపడతాయి. పెద్దాయన మాత్రం వాటిమీద రేకు మూతలు పెట్టి అతికించేశాడు. మీరు మొదటి పేజీలో ఇంత లావు అక్షరాలతో వేశారు చూడు, "అతుకు కనపడని వంతెన, అరమరిక లేని మనిషి" అని. నాకు ఒళ్ళు మండిపోయింది.

డిసెంబరులో ఎగువ వైపు మూడో అతుకు దగ్గర పట్టీ మీద సుత్తితో కొట్టాను. మంచి ఇనుము మోగుతుంది. ఇది దగ్గింది. మళ్ళీ కొట్టాను. పక్క అతుకుకి వెళ్ళి కొట్టి, వెనక్కొచ్చి కొట్టాను. మూత అంచు నుంచి తుప్పు నీళ్ళు కారిన చార. లోపల ఏముందో చూడాలంటే మూత కోయాలి. కోయాలంటే మా చీఫ్ ఇంజనీరు గారి సంతకం కావాలి. ఆయన కాగితం చదివి, "పెద్దాయన మంచం మీద ఉండగా ఆయన వంతెనకి కోత పెడతావా? పేరు పెట్టే సభ కానీ, తర్వాత చూద్దాం" అన్నారు. "బరువు లారీలనైనా ఆపండి" అన్నాను. చెవిన పెట్టలేదు. చీఫ్ గారికి తెలియనిది కాదు, జనం ఒత్తుకుని నిలబడితే లారీలకన్నా బరువు.

అప్పుడు పెద్దాయనకే రాశాను. డిసెంబరు ముప్పైన. నాలుగు పేజీలు, బొమ్మ గీసి మరీ. ఆయన ఒక్క మాట అంటే చీఫ్ గారు పరిగెత్తుకుంటూ వచ్చి మూత కోయించేవారు. మనిషిని పంపి ఆయన చేతికే ఇప్పించాను. చదివారని ఆ మనిషి చెప్పాడు. రోజూ పోస్టు కోసం చూశాను. ఇరవై రోజులు. ఒక్క ముక్క రాలేదు. తర్వాత ఆయన పోయారన్న వార్త వచ్చింది.

అదీ నా కడుపులో ఉన్నది. బల్ల దగ్గర నుంచి లేపినందుకు కాదు. తన పేరు కాపాడుకోవడానికి నోరు మూసుకుని పోయాడని. అలాంటి మనిషికి దండం పెట్టడానికి నా కాళ్ళు కదల్లేదు.

ఇప్పుడు నన్ను పిచ్చివాడిని చేస్తున్న సంగతి. మీరు వేసిన సంతకం కింద తేదీ ఉంది. సంతకం కింద తేదీ వెయ్యకపోతే ఆయనకి తోచదు. భూతద్దం పెట్టి చూశాను. జనవరి 8. నా ఉత్తరం చేరిన తొమ్మిదో రోజు. అంటే ఆ రోజు ఆయన కూర్చుని ఏదో రాశాడు. ఎవరికి రాశాడు? ఏం రాశాడు? నువ్వు దాన్ని దేన్నించి కత్తిరించావు?

తమ్ముడు


ఇంటి నుంచి
ఫిబ్రవరి 9

తమ్ముడూ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నీ ఉత్తరం చదివి సరాసరి సొరుగు దగ్గరికి పరిగెత్తాను. సంతకం కత్తిరించగా మిగిలిన కాగితం అక్కడే ఉంది. ఎడిటరుకి రాసిన ఉత్తరం. ఆయన మాకు నెలకొకటి రాసేవాడు, రోడ్డు మీద గుంటల గురించీ, మేం ఫొటోల కింద వేసే తప్పుల గురించీ. అలవాటైపోయి ఎడిటరు గారు విప్పకుండానే పైన "ఫైలు" అని రాసి కిందకి పంపేవారు. నేను విప్పాను. మొదటి రెండు వాక్యాలు చదివి కవర్లో పెట్టేశాను. ఆయన పోయిన రోజున మంచి సంతకం కావాలంటే దాన్నే తీసి కత్తిరించాను. అప్పుడు కూడా చదవలేదు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. కాగితం చూస్తే ఎక్కడ కత్తిరించాలో కనపడుతుంది గానీ అక్షరాలు కనపడవు నాకు.

ఇదీ ఉత్తరం. అక్షరం మార్చకుండా ఎత్తి రాస్తున్నాను.

"సంపాదకుల వారికి. మీ పత్రికలో నా ఆరోగ్యం గురించి వేసిన వార్త చూశాను. అందులో నా వయసు రెండేళ్ళు తగ్గించారు, కృతజ్ఞతలు. ఇక అసలు సంగతి. నది మీద నేను కట్టిన పెద్ద వంతెనలో ఒక తప్పుంది. అది నాది. అతుకులు కనపడితే అందం పోతుందని వాటిమీద మూతలు వేయించాను. అప్పుడే ఒక ముసలి మేస్త్రీ, 'కనపడనిదాన్ని ఎవరు చూసుకుంటారయ్యా' అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. ముప్పై నాలుగేళ్ళుగా అందరూ మెచ్చుకుంటున్నది ఆ మూతల్నే. వాటికింద నీళ్ళు చేరి పిన్నుల్ని తినేస్తున్నాయని ఇప్పుడు తెలిసింది. మూతలు తీసి చూసేదాకా ఆ వంతెన మీదకి ఎవరినీ పోనివ్వకూడదు. ఆఫీసుకి రెండుసార్లు చెప్పి రాయించాను. నేను త్వరగా కోలుకోవాలని కోరుతూ రెండుసార్లూ జవాబు వచ్చింది. అందుకని స్వయంగా మీకు రాస్తున్నాను, నలుగురూ చూస్తారని. దానికి నా పేరు పెడతారని విన్నాను. ముందు మూతలు తియ్యండి. చూశాక కూడా ఆ పేరే పెట్టాలనిపిస్తే మీ ఇష్టం."

అక్కడ సంతకం. దాని వెనక వైపు కూడా ఏదో రాసి ఉందని కాగితం అంచుల్లో తెలుస్తోంది. ఆ సంతకం ముక్కని నేను అట్ట మీద జిగురుతో అంటించేశాను కదా. ఇంటికి తెచ్చి పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టాను. మీ బావగారు స్క్రూడ్రైవర్లన్నీ పక్కన పడేసి, సన్నటి బ్లేడు పట్టుకుని గంటన్నర సేపు కొద్దికొద్దిగా ఊడదీశారు. ఆయన చెయ్యి అంత నిదానంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. సంతకం వెనక ఉన్నది నీ గురించి.

"ఇంకో మాట. ఈ తప్పు పట్టుకున్నది తనిఖీ విభాగంలో ఉన్న నా పాత శిష్యుడు. సుత్తి దెబ్బ విని పట్టుకున్నాడు. బల్ల దగ్గర నేనేం గీసినా తల ఊపేవాళ్ళు పదిమంది ఉన్నారు. వంతెన దగ్గర చెవి పెట్టి వినేవాడు ఒక్కడు కావాలని వాణ్ణి అక్కడికి పంపాను. వాడది శిక్ష అనుకున్నాడు. వివరించి చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. వాడి ఉత్తరానికి జవాబు రాయాలి. నా చెయ్యి రోజుకి ఒక ఉత్తరానికే ఒప్పుకుంటోంది. ఈ రోజుది మీకు. రేపటిది వాడికి."

ఆయన కూతురికి ఫోన్ చేసి అడిగాను. మర్నాడు పొద్దున్నే స్పృహ తప్పిందట. మళ్ళీ రాలేదట.

తమ్ముడూ, నిన్ను ఆయన చివరి చూపుకి దూరం చేసింది నేనే. పైగా కడుపులో ఏదో ఉందని నీకే నీతులు చెప్పాను. ఏమని రాయను.

ఎడిటరు గారికి ఉత్తరం చూపించాను. చదివి నీళ్ళు నములుతున్నారు. "సభ ముందర పోయినాయన తప్పు మనమే వేస్తే ఏం బాగుంటుంది? వాళ్ళింట్లో వాళ్ళు బాధపడరా?" అంటున్నారు. ఊరుకోను.

అక్క


నది ఒడ్డు
ఫిబ్రవరి 12

అక్కా,

చదివి ఒడ్డు వెంట నడుచుకుంటూ పోయాను. ఎంత దూరం పోయానో తెలియదు. మీ మరదలు డ్యూటీ దిగి వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంది.

నీ గురించి ఇప్పుడేమీ రాయను. మొదలుపెడితే ఆపలేను.

నువ్వు ఎత్తి రాసిన కాగితం తీసుకుని చీఫ్ గారి గదికి వెళ్ళాను. ఆయన చదివారు. వెనక వైపు మాటలు రెండోసారి చదివారు. "మీ అక్క ఆ పత్రికలోనే కదా పనిచేసేది. నిన్ను పొగుడుతూ ఉత్తరం కూడా ఆవిడకే దొరికింది. చాలా బాగా కుదిరింది" అన్నారు. నేను బల్ల మీద చెయ్యి చరిచాను. అలా చెయ్యకూడదు, తెలుసు. సాయంత్రానికి కాగితం వచ్చింది. సభ అయ్యేదాకా నేను వంతెన దరిదాపులకి పోకూడదట. నా పాసు తీసేసుకున్నారు. గుమాస్తా నావైపు చూడకుండా రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాడు.

ఇంక పది రోజులే ఉంది. వంతెన మీద అప్పుడే రంగు కాగితాలు కడుతున్నారు. వేదిక సరిగ్గా మూడో అతుకు మీద వేస్తున్నారు, అక్కడి నుంచి నది బాగా కనపడుతుందని. దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను. ఒకతను "ఏం చూస్తున్నారండీ?" అని అడిగితే చెప్పాను. నవ్వి వెళ్ళిపోయాడు. చెప్పేకొద్దీ నాకే పిచ్చివాడి మాటల్లా వినపడుతున్నాయి.

ఉత్తరం వేయించు. ముందు వైపు మాత్రమే వేయించు. నా గురించి ఉన్నది వేస్తే దొంగ ఉత్తరం అనే అంటారు. పైగా అది నాది. ఆయన నాకు చెప్పాల్సింది ఇంకెవరికో రాసిన ఉత్తరంలోంచి నేను వినడమేమిటి, దాన్ని మళ్ళీ అందరూ చదవడమేమిటి.

నువ్వు మాత్రం ఆ రోజు ఎక్కకు. ఈ ఒక్కటి నాకు మాటివ్వు.

తమ్ముడు


పత్రికాఫీసు లైబ్రరీ
ఫిబ్రవరి 17

తమ్ముడూ,

ఈ రోజు పేపరు నీకు ఈ ఉత్తరం కన్నా ముందే చేరి ఉంటుంది. మొదటి పేజీ. ఉత్తరం ఫొటో, చిరుగులతో సహా.

నాలుగు రోజులు ఎడిటరు గారి గది చుట్టూ తిరిగాను. నన్ను చూస్తే చాలు ఫోన్ ఎత్తి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించారు. నిన్న పొద్దున పెద్దాయన కూతుర్ని తీసుకొచ్చాను. నువ్వెరుగుదువు కదా, మనిషి ఎంత నెమ్మదో. ఉత్తరం ఆమె చేతిలో పెట్టి నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆమె రెండు వైపులా చదివింది. ఎడిటరు గారు, "మీ మనసు కష్టపెట్టడం మాకిష్టం లేదమ్మా" అన్నారు. ఆమె, "మా నాన్న చేత్తో చేసిన చివరి పని ఇదండీ. మీ దగ్గర నెల రోజులుగా పడి ఉంది. ఇంకా ఎన్నాళ్ళు పెట్టుకుంటారు?" అంది. గొంతు పెంచలేదు. ఎడిటరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండానే సరేనన్నారు.

సవరణ నేనే రాశాను. "ఈ ఉత్తరం మాకు జనవరి 10న అందింది. మేము పూర్తిగా చదవకుండా అందులోని సంతకాన్ని మాత్రం కత్తిరించి వేశాము. తప్పు ఈ పత్రిక లైబ్రరీది." ఎడిటరు గారు "లైబ్రరీ" కొట్టేసి "ఈ పత్రికది" అని మార్చారు. దయతో చేశారు, తెలుసు. మళ్ళీ రాసి పంపాను.

వెనక వైపు కూడా వేశాం. నువ్వు వద్దన్నావు. నీకు కోపమొచ్చినా పర్వాలేదనుకుని వేయించాను. ఆయన కాగితం మీద ఇంకొకసారి కత్తెర పెట్టలేను. నీ మాట నాకు ముఖ్యం కాదని కాదు.

పొద్దుట్నుంచీ ఫోన్లు. చచ్చినవాళ్ళ మీద బురద చల్లుతారా అని ఒకడు. ఆ తనిఖీవాడు ఎంత ఇచ్చాడని ఇంకొకడు. మధ్యలో ఒక లారీ డ్రైవరు ఫోన్ చేసి, "మూడో అతుకు దగ్గర బండి అదిరిందని రెండు నెలలుగా చెబుతున్నానమ్మా, నన్ను తాగావా అన్నారు" అన్నాడు. అతని పేరు, నంబరు రాసుకుని ఎడిటరు గారి బల్ల మీద పెట్టాను.

సభ సంగతి ఇంకా తేలలేదు. నేనూ మీ బావగారూ ఎక్కం. మాటిస్తున్నాను. క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను.

అక్క


నది ఒడ్డు
ఫిబ్రవరి 26

అక్కా,

పద్దెనిమిదో తేదీన వంతెన మూశారు. సభ జరగలేదు. పేపర్లో చూసే ఉంటావు. పేపర్లో లేనిది రాస్తున్నాను.

మొన్న మూత కోశారు. పాసు తిరిగి ఇచ్చారు. మధ్య భాగానికి కింద నుంచి జాకీలు పెట్టి బరువు ఎత్తిపట్టారు. చీఫ్ గారు స్వయంగా వచ్చి నిచ్చెన ఎక్కారు. రేకు ఊడిపడగానే బురదలాంటి తుప్పు ఇంత ముద్ద కింద పడింది. మణికట్టంత ఉండాల్సిన పిన్ను బొటనవేలంత మిగిలింది. ఆ పక్కదైతే ఎప్పుడో తెగిపోయింది. రెండూ మోయాల్సింది ఆ బొటనవేలంత ముక్కే మోస్తోంది. పైన వేదిక కోసం నాటిన కర్రలు ఇంకా అలాగే ఉన్నాయి.

చీఫ్ గారు చాలాసేపు చూశారు. "ఇది ఇంకెన్నాళ్ళు ఆగేది?" అని అడిగారు. "తెలియదండీ" అన్నాను. ఆయన దిగి వెళ్ళి కారులో కూర్చున్నారు. తలుపు వెయ్యడం కూడా మర్చిపోయారు. నాకు గెలిచినట్టు అనిపిస్తుందనుకున్నాను. కిందకి దిగి, పడ్డ ఆ తుప్పు ముద్దని చేత్తో ఎత్తి తట్టలో వేశాను.

ఇప్పుడు ఆఫీసు నుంచి ఆయన కట్టిన మిగతా వంతెనలన్నిటికీ మనుషుల్ని పంపుతున్నారు. ఆరింటికి ఇలాంటి మూతలే ఉన్నాయట. ఇంకెవరెవరో ఆయన్ని చూసి నేర్చుకుని వేసినవి పాతిక దాకా ఉన్నాయట. అన్నీ కోస్తారు. ఆయన కట్టినవి ఎన్ని నిలబడతాయో గానీ ఈ ఒక్క కాగితం వల్ల నిలబడేవి చాలా ఉన్నాయి.

నిన్న పెద్దాయన ఇంటికి వెళ్ళాను, మీ ఇంటి వైపు రాకుండానే వచ్చేశాను. ఆయన కూతురు ఆయన గదిలో కుర్చీ వేసింది. నేను రానందుకు ఏదో చెప్పబోయాను. మధ్యలోనే ఏడ్చేశాను. ఆమె మంచినీళ్ళిచ్చి, "మీకోసం ఏమైనా రాశాడేమోనని అన్నీ వెతికానండీ. ఏమీ దొరకలేదు" అంది. బల్ల మీద తెల్ల కాగితాల కట్ట అలాగే ఉంది. పైకాగితం ఎత్తి చూశాను, కింద ఇంకోటి చూశాను. ఖాళీయే. ఆమె చూస్తోందని కూడా చూసుకోకుండా అడుగు దాకా చూశాను.

నువ్వు క్షమించమని అడిగావు. నీ మీద కోపం ఉంది, అక్కా. సంతకం కత్తిరించినందుకు కాదు. ఆయన బతికి ఉన్న ఆ తొమ్మిది రోజులూ ఆ కాగితం నీ సొరుగులో ఉంది. చదివి నాకు కబురు పెట్టి ఉంటే, స్పృహ లేకపోయినా పక్కన కూర్చునేవాణ్ణి. ఆ తొమ్మిది రోజులూ నేను ఇక్కడ ఆయన్ని తిడుతూ కూర్చున్నాను. ఇది నీతో చెప్పకుండా ఉండలేను, చెప్పాక నువ్వు ఎలా ఉంటావో తలచుకుంటే కుదురుగా ఉండలేను. కాగితం మీద అయితే నువ్వు బాధ దాచుకుని రాస్తావు, నేను కోపం దాచుకుని రాస్తాను. అది నాకొద్దు.

నువ్వే బయల్దేరి రా. వంతెన మూసి ఉంది కాబట్టి పై ఊరి మీదుగా చుట్టూ తిరిగి రావాలి, ఆరు గంటలు ఎక్కువ పడుతుంది. పొద్దున బస్సు ఎక్కితే చీకటి పడకముందే వస్తావు. నేను బస్టాండులో ఉంటాను.

తమ్ముడు